ఓసీడీకి మాత్రలా, ఈఆర్‌పీనా? ఏది మేలు?

నాకు ఓసీడీ, అంటే అనుమానం వదలక చూసిందే మళ్లీ మళ్లీ చూసుకునే జబ్బు, ఉందని దాచుకోకుండా చెప్పడం మొదలుపెట్టినకాడి నుంచి అందరూ అడిగేది ఒకటే, మాత్రలు వేసుకోవాలా, భయపడే పనే చేయించి నయం చేసే ఆ ఈఆర్‌పీ థెరపీకి పోవాలా అని. ఒంగోల్లో నెల్లూరు బస్సెక్కి, గ్యాస్ కట్టేశానో లేదో అని సింగరాయకొండలో దిగి ఇంటికి పోయినోణ్ణి నేను, ఒకసారి కాదు. కట్టేసినట్టు ఫోన్లో ఫోటో ఉంది, అయినా పోయినా.

దీన్ని ఆలోచనల జబ్బనుకుంటారు గానీ పిచ్చి ఆలోచనలు అందరికీ వస్తాయబ్బా. మనకు తేడా కొట్టేది చెయ్యి ఆపుకోవడంలో, మనసు మళ్లించుకోవడంలో. కార్డుల టెస్టు ఒకటుంది, రంగును బట్టి పేరుస్తా ఉంటే చెప్పాపెట్టకుండా రూల్ ఆకారానికి మారిపోతుంది, మనం ఇంకా రంగునే పట్టుకుని వేలాడతాం. ఓసీడీ వాళ్లు సగటున ఇట్టాంటి వాటిలో కొంచెం వెనకబడతారు, అందరూ కాదులే.

అందుకే నేను చూసేది ఒక్కటే, ఆపుకోవడం ఏది నేర్పిస్తుందని. సెర్ట్రలిన్ లాంటి మాత్రలు తలలో గోల తగ్గిస్తాయి, కాకపోతే డిప్రెషన్‌కి ఇచ్చేదాని కన్నా ఎక్కువ డోసు పడొచ్చు, ఫలితం తేలడానికి 8 నుంచి 12 వారాలు. పది రోజులకే మానేసి పనిచెయ్యలా అంటే ఎట్టా?

ఈఆర్‌పీలో భయపడే పనే చేయించి, చెక్ చేసుకోనివ్వరు. నా మొదటి హోంవర్కు, గ్యాస్ నాబ్ ఒక్కసారి చూసి, తాళమేసి, వీధి చివర టీకొట్టు దాకా పోయి కూర్చోవడం. టీ చల్లారిపోయింది, చొక్కా తడిసిపోయింది, అయినా లేవలా. కొన్నాళ్లకి సింగరాయకొండ దాటి ఉలవపాడు మామిడికాయలు చూసుకుంటా పోయినా. 2005లో వచ్చిన ఒక అమెరికా ట్రయల్లో కూడా క్లోమిప్రమిన్ మాత్ర కన్నా ఈఆర్‌పీనే మెరుగ్గా పనిచేసింది.

చిక్కేందంటే ఇది తెలిసిన థెరపిస్టు మనకాడ దొరకడం, నేనైతే ఆన్‌లైన్లోనే చేశా. ధైర్యంగా ఉండు అని గంట చెప్పి పంపితే అది ఈఆర్‌పీ కాదు. యాడ అడగాలో తెలీకపోతే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు. మరీ ముదిరితే రెండూ కలిపే వాడాలి, వాడే మాత్రలు సొంతంగా ఆపొద్దు. ధ్యానం, బ్రెయిన్ గేమ్ యాప్‌లు అంటారా, టైంపాస్‌కి ఓకే.

ఇంకోటి, ఇంట్లోవాళ్లు "కట్టేశావులే" అని భరోసా ఇవ్వడం కూడా మానాలి. మా అమ్మకి అదే కష్టమైంది. ఇప్పుడు ఫోన్ చేసి అడిగితే "నాకేం తెలుసురా" అని పెట్టేస్తుంది.