ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్: మందు మంచిదే, ముద్రణే బాగాలేదు

విరేచనాలప్పుడు లీటరు నీటిలో కలిపి తాగే ఈ ప్యాకెట్‌లో ఉప్పు 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, వెరసి 20.5 గ్రాముల పొడి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన పాళ్లు సరిగ్గా ఇవే కనుక, తయారీలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

రక్తంలోని సోడియంను లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోళ్ల మధ్య నిలిపి ఉంచడానికి శరీరం నిరంతరం పాటుపడుతుంది. రక్తం చిక్కబడితే మెదడులోని హైపోథలమస్ పసిగట్టి దాహం పుట్టిస్తుంది, వాసోప్రెసిన్ హార్మోను ద్వారా మూత్రపిండాల చేత నీటిని పొదుపు చేయిస్తుంది. కానీ పేగుల నుంచి నీరూ లవణాలూ ఏకధాటిగా పోతున్నప్పుడు ఎంత పొదుపు చేసినా చాలదు. అప్పుడు వట్టి నీళ్లే తాగుతూ పోతే మిగిలిన సోడియం ఇంకా పలచబడుతుంది.

ఈ పొడి గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. చిన్నపేగు గోడలోని ఒక వాహక ప్రోటీన్ ఒక్కో గ్లూకోజ్ అణువుతో పాటు రెండేసి సోడియం అయాన్లను లోపలికి చేరవేస్తుంది, వాటి వెంట నీరు వెళుతుంది. కలరాలో సైతం ఈ దారి మూసుకుపోదు. అంటే ఇందులో గ్లూకోజ్ ఉన్నది తీపి కోసం కాదు. అది మోతాదు మించితే నీరు రక్తంలోకి వెళ్లడానికి బదులు పేగులోకే వచ్చి విరేచనాలు పెరుగుతాయి. 2002కు ముందటి పాళ్లలో లీటరుకు 311గా ఉన్న గాఢతను 245 మిల్లీఆస్మోల్‌లకు (నీటిలో కరిగిన కణాల లెక్కకు కొలమానం) తగ్గించడం వల్ల మలం పరిమాణమూ వాంతులూ తగ్గాయి.

ఇంతగా కొలత మీద ఆధారపడిన మందుకు, "ఒక లీటరు నీటిలో మొత్తం కలపాలి" అన్న ముఖ్యమైన మాటను చింపే అంచు పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో వేసి, ముందువైపంతా నారింజపండు బొమ్మతో నింపడం నాకు ఏమాత్రం నచ్చలేదు. ప్యాకెట్ చింపగానే ఆ వాక్యం సగం పోయింది. తెలియనివారు గ్లాసుడు నీళ్లలో ఇంత పొడి వేసి కలిపేస్తే తప్పు వారిది అనలేము.

రుచి చప్పిడి తీపితో, కాస్త ఉప్పగా ఉంటుంది. కన్నీటి కన్నా ఉప్పగా అనిపిస్తే మాత్రం నీళ్లు తగ్గాయని అనుమానించాలి. విరేచనాలు వెంటనే ఆగలేదని కొందరు దీన్ని తీసిపారేస్తారు గానీ, దీని పని వాటిని ఆపడం కాదు, పోయినదాన్ని భర్తీ చేయడం. కలిపిన నీటిని 24 గంటలు దాటితే పారబోయాలి కాబట్టి, పసిపిల్లలున్న ఇంటికి 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లే అనువుగా ఉంటాయి.