బ్యాంకాకా, సింగపూరా?

వైజాగ్‌లో మా ఇంట్లో సెలవుల చర్చ ఎప్పుడూ ఈ రెండు ఊళ్ల దగ్గరే ఆగిపోతుంది.

కొనుగోళ్లే ముఖ్యమైతే బ్యాంకాక్. శని, ఆదివారాల్లో చాతుచక్ సంత చూడాలి: బట్టలు, మట్టిపాత్రలు, మొక్కలు, ఏది కావాలన్నా అక్కడే. పూర్ణా మార్కెట్‌లో బేరాలాడి రాటుదేలిన మా అమ్మకి అక్కడ భాషతో పనేముంది, క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం ఉక్కపోత మన మే నెలను మరిపిస్తుంది. వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూడాలంటే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చిక్కల్లా శాకాహారులకే. కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పోసేస్తారు. ‘జే’ (అక్కడి శుద్ధ శాకాహారం) అని అడిగితే పెడతారు గానీ, అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. చేపల పులుసు తినే మాకు ఆ బెంగ లేదనుకోండి.

సింగపూర్‌లో టెక్కా సెంటర్‌కి వెళ్తే దోసె, బిర్యానీ దొరుకుతాయి. అక్కడి హాకర్ సంస్కృతికి (ఒకేచోట చేరిన చిన్న చిన్న తిండి దుకాణాల్లో అందరూ కలిసి తినడం) 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఆ సీటు ఎవరో ఆపుకున్నట్టు, మన ఆర్టీసీ బస్సులో రుమాలు వేసినట్టే! ఖర్చు మాత్రం ఎక్కువ, 9 శాతం జీఎస్టీ కూడా ఉంది.

పెద్దవాళ్లతో తొలి ప్రయాణమైతే సింగపూర్. నన్నడిగితే, ఖాళీ సూట్‌కేసుతో బ్యాంకాక్.