సెకండ్ హ్యాండ్ స్కైడైవింగ్ రిగ్: ఏడాది వాడాక నా మాట

మా నెల్లిమర్లలో బీరువాలో ప్యారాషూట్ ఉన్న ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవులు కూడబెట్టి థాయిలాండ్ వెళ్లి స్కైడైవింగ్ నేర్చుకున్నాను. 25 జంపులు పూర్తయి 'ఎ' అనే మొదటి లైసెన్స్ చేతికొచ్చాక కూడా కొన్నాళ్లు అద్దె రిగ్‌లతోనే (వీపున తగిలించుకునే ప్యారాషూట్ సెట్టునే రిగ్ అంటారు) దూకాను. కానీ వెళ్లిన ప్రతిసారీ వేరే రిగ్, వేరే సైజు. విమానంలో కూర్చుని హ్యాండిల్ ఎక్కడుందో చేత్తో తడుముకోవడం, ఆ టెన్షన్ పడలేక 38వ జంపు తర్వాత సొంతది కొనేశాను. ఇప్పటికి 74 జంపులు అయ్యాయి. మనవైపు నుంచి ఈ ఆటలోకి వచ్చేవాళ్లు తక్కువే గానీ వచ్చినవాళ్లకి తెలుగులో చెప్పేవాళ్లు ఇంకా తక్కువ, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. కంటైనర్ (వీపున ఉండే సంచి), మెయిన్ ప్యారాషూట్, రిజర్వ్ (అది పనిచేయకపోతే వాడే రెండో ప్యారాషూట్), ఏఏడీ (మనం లాగకపోయినా రిజర్వ్‌ని దానంతటదే తెరిచే పరికరం) అన్నీ కొత్తవే కొంటే ఆరేడు లక్షలకి తక్కువ కాదు. నాకు సెకండ్ హ్యాండ్‌లో మూడు లక్షల పదివేలు అయింది. ఈ ధరకి నాకు దొరికింది 170 చదరపు అడుగుల మెయిన్, తొమ్మిది సెల్స్‌ది (గాలి నిండే అరలు), గాలి చొరబడని జీరో పొరాసిటీ బట్ట. రంగు బాగోలేదు, ముదురు ఊదా, పక్కన ఆకుపచ్చ చారలు. పర్లేదు.

ఈ 170 అన్న అంకె దగ్గరే అసలు కథంతా ఉంది. నాకు ముందు దొరికిన అమ్మకందారు 135 చూపించాడు. "నువ్వు తేలిక మనిషివి, నీకు పెద్దది ఎందుకు, ఆర్నెల్లలో బోర్ కొట్టి మళ్లీ చిన్నది కొనుక్కుంటావు, డబుల్ ఖర్చు" అన్నాడు. లెక్క కూడా వేసి చూపించాడు. నా బరువు 56 కిలోలు, రిగ్, సూట్, హెల్మెట్ కలిపి ఇంకో 11. మొత్తం 67 కిలోలు, అంటే 148 పౌండ్లు. దాన్ని 135తో భాగిస్తే 1.1 వస్తుంది. దాన్నే వింగ్ లోడింగ్ అంటారు. కొత్తవాళ్లకి ఒకటి దాటకుండా ఉంటే మంచిదని అందరూ చెప్తారు కాబట్టి 1.1 అంటే ఏముంది, కొంచెమే కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, అడ్వాన్స్ పంపడానికి ఫోన్ కూడా తీశాను.

ఆ లెక్కలో కనబడనిది ఒకటుంది. వింగ్ లోడింగ్ ఒకటే అయినా చిన్న ప్యారాషూట్, పెద్ద ప్యారాషూట్ ఒకేలా ఎగరవు. చిన్నదానికి తాళ్లు పొట్టిగా ఉంటాయి, టాగుల్ (తిప్పడానికి చేత్తో లాగే పిడి) కొంచెం లాగినా చటుక్కున తిరుగుతుంది, తిరిగినప్పుడు ఎత్తు కూడా గబగబా పోతుంది. 90 కిలోల మనిషి 1.0 లోడింగ్‌తో 220 కింద ఎగరడం, నాలాంటి మనిషి అదే 1.0తో 150 కింద ఎగరడం ఒకటి కావు. తేలికగా ఉండే ఆడవాళ్లకి ఈ సంగతి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మనకి అమ్మేవాళ్లు భాగహారం దగ్గరే ఆగిపోతారు. నాకు మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది. నేను 170 తీసుకున్నాను, లోడింగ్ 0.87.

దీని వల్ల నష్టం లేదా అంటే ఉంది. గాలి కాస్త ఎక్కువైతే నేను ముందుకి కదలను, ఒక్కోసారి వెనక్కి కూడా పోతాను. అందుకని గాలి గంటకి 14 మైళ్లు దాటితే దూకకూడదని నాకు నేనే పెట్టుకున్నాను. అమెరికా స్కైడైవింగ్ సంస్థ స్టూడెంట్లకి పెట్టిన పరిమితి అది, నాది లైసెన్స్ కాబట్టి నాకు ఆ రూల్ వర్తించదు, అయినా పెట్టుకున్నాను. మొన్న జూన్‌లో వెళ్లిన అయిదు రోజుల్లో రెండు రోజులు పొద్దుట నుంచి సాయంత్రం దాకా షెడ్డులో కూర్చున్నాను. గాలి ఎంతుందో చూపే గుడ్డ గొట్టం నేలకి అడ్డంగా బిగుసుకునే ఉంది. చిన్న ప్యారాషూట్లు ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి దూకి నవ్వుకుంటూ నడిచి వస్తున్నారు. టికెట్టు, హోటలు, సెలవు అన్నీ ఖర్చయి అలా కూర్చోవడం ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను. 170 కొనేవాళ్లు ఈ బాధని కూడా ధరలో కలుపుకోవాలి. నేను కలుపుకునే కొన్నాను, మళ్లీ కొన్నా అదే కొంటాను.

ఎందుకో 52వ జంపులో తెలిసింది. 4,500 అడుగుల దగ్గర తెరిచాను, తల ఎత్తి చూస్తే తాళ్లు మెడ వెనక నుంచి జడలా మెలేసుకుపోయి ఉన్నాయి, మూడు నాలుగు మెలికలు. ప్యారాషూట్ మాత్రం నా నెత్తిన తిన్నగా, నిదానంగా పోతోంది. రెండు రైజర్లు (తాళ్లని భుజాలకి కలిపే పట్టీలు) చేతులతో విడదీసి పట్టుకుని, గాల్లో సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడించాను. ఒక మెలిక విడింది. మణికట్టు మీద ఆల్టీమీటర్ చూశాను, 3,600. ఇంకోటి విడింది. 2,500 దాకా విడకపోతే కట్ అవే చేసి, అంటే మెయిన్‌ని వదిలించుకుని, రిజర్వ్ లాగాలని నేల మీద ఉన్నప్పుడే నిర్ణయించుకుని ఉన్నాను, అక్కడ కొత్తగా ఆలోచించేదేమీ లేదు. 3,100 దగ్గర పూర్తిగా విడిపోయింది. చిన్న ప్యారాషూట్, ఎక్కువ లోడింగ్ ఉంటే ఇదే మెలిక గిర్రున తిరగడం మొదలవుతుంది, అప్పుడు విడదీసే టైమ్ ఇవ్వదు.

ఇక ఏఏడీ. దసరా సెలవులకి ఇంటికొచ్చి రిగ్ చూపిస్తే మా అమ్మ నమ్మలేదు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఏటా చూస్తాం కదా, అంత ఎత్తున మాను చివర పూజారి గారు కూర్చుంటే భయం లేదు గానీ నాకెందుకు భయపడతావు అని అడిగాను. "ఆయన అమ్మోరి బిడ్డ, ఆవిడ చూసుకుంటాది. నిన్ను ఎవులు చూత్తారే గుంటా?" అంది.

నిజానికి ఈ రిగ్‌లో ఆ పని చేయడానికే ఒక డబ్బా ఉంది. నాది సైప్రెస్, జర్మనీలో ఎయిర్‌టెక్ అనే కంపెనీ 1991 నుంచి చేస్తోంది. నేను స్పృహ తప్పినా, ఎత్తు మరిచిపోయినా, 225 మీటర్ల దగ్గర కూడా సెకనుకి 35 మీటర్ల కన్నా వేగంగా పడుతూ ఉంటే అది రిజర్వ్‌ని మూసి ఉంచే చిన్న లూపుని కోసేస్తుంది, రిజర్వ్ బయటికి వస్తుంది. ఆ ఎత్తు నుంచి నేలకి మిగిలేది నాలుగు సెకన్లు. కొత్తది లక్ష పైమాటే. డబ్బు మిగులుతుందని అది లేకుండా రిగ్ కొనే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి, ఇంకో ఆర్నెల్లు అద్దెకి దూకండి.

సెకండ్ హ్యాండ్‌లో ఏఏడీకి మొదట చూడాల్సింది తయారీ తేదీ. దానికి ఆయుష్షు ఉంటుంది, ఈమధ్య వచ్చే సైప్రెస్‌కి పదిహేనున్నర ఏళ్లు. నేను చూసిన ఒక రిగ్ ధర చాలా తక్కువగా ఉంది, ఎందుకా అని తేదీ అడిగితే లోపల ఏఏడీకి ఇంక అయిదు నెలలే మిగిలింది, ప్రకటనలో ఆ ముక్క లేదు. నాదానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. దాన్ని ఇంట్లో ఆన్ చేసి తీసుకెళ్లకూడదు, డ్రాప్ జోన్‌కి, అంటే దూకే చోటికి, వెళ్లాకే చేయాలి. ఆన్ చేసిన చోటి గాలి పీడనాన్ని బట్టి నేల ఎక్కడో అది లెక్కగడుతుంది, నెల్లిమర్ల నేలని గుర్తుపెట్టుకుని వెళ్తే లాభం లేదు.

అయితే ఆ డబ్బా మీద పెట్టుకున్న నమ్మకానికి ఒక హద్దు ఉంది. ఈ క్రీడలో ఏ లోపమూ లేకుండా చక్కగా తెరుచుకున్న ప్యారాషూట్ కిందే, నేలకి దగ్గర్లో గట్టి మలుపు తిప్పి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. అక్కడ ఏఏడీ ఏమీ చేయలేదు. అందుకే ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే హెల్మెట్ దగ్గర, సూట్ దగ్గర తగ్గించుకోండి, ప్యారాషూట్ సైజు దగ్గర ఆత్రపడకండి. కెమెరా సంగతి 200 జంపుల దాకా ఎత్తొద్దని అంటారు, నేను ఎత్తలేదు.

రిజర్వ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. లోపల జేబులో ఒక కార్డు ఉంటుంది, ఎప్పుడు ఎవరు మడిచారో అన్నీ అందులో ఉంటాయి, ముందు అది చదవండి. అమెరికా లెక్కన 180 రోజులకోసారి రిగ్గర్ (ప్యారాషూట్లు మడిచి, బాగుచేసే నిపుణుడు) విప్పి మళ్లీ మడవాలి. పిన్ దగ్గర సన్నటి ఎర్ర దారం, దానికి సీసపు సీలు ఉంటాయి, సీలు లేకపోతే డబ్బు ఇవ్వకండి. పూర్తి డబ్బు కట్టకముందే రిగ్‌ని మీకు తెలిసిన రిగ్గర్ చేతిలో పెట్టి చూపించండి. నేనలాగే చేశాను. ఆయన హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీలు), రిజర్వ్, మూడు రింగులు (కట్ అవే చేస్తే మెయిన్‌ని వదిలేసేవి) అన్నీ చూసి బాగుందన్నాడు, బ్రేక్ లైన్లు (టాగుల్స్‌కి కట్టి ఉండే తాళ్లు) ఇంకొన్నాళ్లు వస్తాయి, చూసుకుంటూ ఉండమన్నాడు. నేను చూసుకున్నాననే అనుకున్నాను.

దసరాకి ఇంట్లో మడత ప్రాక్టీస్ చేద్దామని తీశాను. మేడ మీద ఎండలో పరిస్తే నైలాన్ పాడవుతుంది, అందుకని హాలంతా తుడిచి, రెండు చాపలు వేసి పరిచాను, తాళ్లు వరండా దాకా వచ్చాయి. మా నాన్న జూట్ మిల్లులో స్పిన్నింగ్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. కుర్చీ లాక్కుని కూర్చుని ఏమీ మాట్లాడకుండా ఒక్కో తాడూ బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని జార్చుకుంటూ పోయారు, మిల్లులో నూలు చూసినట్టే. ఎడమ బ్రేక్ లైను దగ్గర, రింగులోంచి దూరి వెళ్లే చోట ఆగారు. "ఏటమ్మా, ఇక్కడ పోగు లేసిపోనాది" అన్నారు. నిజమే, అక్కడ సన్నగా నూగులా ఉంది. వాడితే అలా అవుతుంది నాన్నా, పర్లేదన్నాను. ఆయన వినలేదు, రెండు బ్రేక్ లైన్లూ పక్కపక్కన పెట్టి సాగదీయమన్నారు. నేను ఒక కొస, ఆయన ఒక కొస. "ఇది ఆ దానికన్నా పొట్టైపోనాది."

టేపు తెచ్చి కొలిస్తే అంగుళంన్నర తేడా.

ఆ తాళ్లు స్పెక్ట్రా అనే నారతో చేస్తారు. జారుడుగా, చాలా బలంగా ఉంటుంది, కానీ రింగులో రాసుకున్న వేడికి కొద్దికొద్దిగా కుదించుకుపోతుంది, అందులోనూ బ్రేక్ లైన్లు ముందు. ఒకటి పొట్టిదైతే చేతులు వదిలేసినా ప్యారాషూట్ ఒక పక్కకి లాగుతూ ఉంటుంది. నా ప్యారాషూట్ ఎడమకి లాగుతోందని ఆర్నెల్లుగా నాకు తెలుసు. నా కూర్చునే తీరు బాగోలేదేమో, హార్నెస్‌లో ఒక పక్కకి ఒరుగుతున్నానేమో అనుకుంటూ వచ్చాను. తాడు వైపు చూడాలని తట్టలేదు. అదే రోజు రిగ్గర్‌కి ఫోటోలు, కొలతలు పంపితే రెండు కింది బ్రేక్ లైన్లూ మార్చేద్దాం, అప్పటిదాకా దూకొద్దు అన్నాడు.

కొన్నప్పుడు నేను తప్పు చేసింది హార్నెస్ కొలత దగ్గర. పాత యజమాని నాకన్నా పొడుగు. నేల మీద వేసుకుంటే బాగానే ఉంది, ప్యారాషూట్ తెరుచుకున్నాక ఛాతీ పట్టీ గడ్డం దాకా వచ్చేది. చివరికి చిన్నది చేయించాను, దానికి వేరే ఖర్చు, రెండు నెలలు రిగ్ లేకుండా ఉన్నాను. కొనేముందు ఎక్కడైనా దూలానికి వేలాడదీయించుకుని చూడండి, నిలబడి చూస్తే తెలియదు.

ఒక్కసారి టాండెమ్ (ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టుకుని ఇద్దరూ కలిసి దూకడం) చేసి వద్దాం అని అడిగే చుట్టాలు చాలామంది ఉన్నారు, వాళ్లకి ఇందులో సగం అక్కర్లేదు. అక్కడ రిగ్ మీరు ఎంచుకోలేరు. కాళ్ల పట్టీలు బిగుతుగా ఉన్నాయా అని రెండోసారి అడగండి, గాలి బాగోలేదు ఆగుదాం అని వాళ్లంటే డబ్బు కోసం పోట్లాడకండి.

ఆయుధ పూజ రోజు అమ్మ పసుపు, కుంకుమ పట్టుకొచ్చి రిగ్ ముందు కూర్చుంది. హార్నెస్‌కి, బట్టకి ఏదీ అంటకూడదని చెప్పాను. సరేనని పైన వేసుకెళ్లే సంచికి బొట్టు పెట్టి, నాన్న టేపుకి కూడా ఒకటి పెట్టింది. కొత్త లైన్లు వచ్చే నెల మొదటి వారంలో వేస్తారట, వేశాక కొలతలు ఫోన్‌లో పంపమని నాన్న ఇప్పటికే రెండుసార్లు గుర్తు చేశారు.