డొమైన్ ధరకు పరిమితి మేలా, పోటీకే వదిలేయడం మేలా?

డాట్ కామ్ పేర్లను నడిపే వెరిసైన్ అనే కంపెనీ, ఆ పేర్లను మనకు అమ్మేవాళ్ల దగ్గర తీసుకునే టోకు ధరను ఇష్టం వచ్చినట్టు పెంచడానికి వీల్లేదు, ఆరేళ్ల కాంట్రాక్టులో చివరి నాలుగేళ్లు మాత్రమే, అదీ ఏడాదికి 7 శాతం దాకా. డాట్ ఆర్గ్‌కి ఉన్న ఇలాంటి పరిమితిని 2019లో ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ అనే సంస్థ తీసేసింది. 2012లో దరఖాస్తులు పిలిచి తెచ్చిన కొత్త ఎక్స్‌టెన్షన్లకైతే (పేరు చివర డాట్ తర్వాత వచ్చే భాగాలకు) అది మొదటినుంచీ లేదు. అందరూ చేసేది ఒకటే పని, రూల్స్ మాత్రం వేర్వేరు.

పరిమితి వద్దనేవాళ్లు చెప్పేది ఏమిటంటే, ఎక్స్‌టెన్షన్లు వెయ్యికి పైనే ఉన్నాయి కదా, రేటు నచ్చకపోతే ఇంకోటి తీసుకోండి అని. కొత్తగా పేరు కొనేవాళ్ల వరకు ఇది నిజమే. కానీ పదేళ్లుగా ఒకే పేరు మీద సైటు, మెయిల్ ఐడీలు, ఎవరెవరో ఇచ్చుకున్న లింకులు అన్నీ పెట్టుకున్నవాళ్లు ఎక్కడికి పోతారు? పేరు మనకు అమ్మే రిజిస్ట్రార్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, ఎక్స్‌టెన్షన్‌ని నడిపే రిజిస్ట్రీ మాత్రం ఒక్కోదానికి ఒక్కటే, దాన్ని వదలడమంటే పేరే వదులుకోవడం. రెన్యువల్ దగ్గర పోటీ అనేదే లేదు. కొత్త ఎక్స్‌టెన్షన్ల కాంట్రాక్టులో రెన్యువల్ ధర పెంచే ముందు 180 రోజుల నోటీసు ఇవ్వాలని ఉంది, ఈలోగా పాత ధరకే పదేళ్ల దాకా కట్టేసుకోవచ్చు. మంచి రూలే, కాకపోతే దెబ్బ తప్పదు, వాయిదా పడుతుందంతే.

అలాగని పరిమితి పెట్టగానే అంతా బాగుంటుందనీ కాదు. 7.85 డాలర్లున్న డాట్ కామ్ టోకు ధర 2024కల్లా 10.26 అయింది, పెంచుకోవచ్చన్న నాలుగేళ్లూ దాదాపు పూర్తిగా పెంచారు.

డాట్ ఆర్గ్ సంగతి నన్ను ఇంకా బాధపెడుతుంది. పరిమితి తీసేసిన కొన్ని నెలలకే దాని రిజిస్ట్రీని ఒక ప్రైవేట్ పెట్టుబడి సంస్థ వందకోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనబోయింది, పెద్ద గొడవయ్యాక 2020 ఏప్రిల్‌లో ఐకాన్ ఒప్పుకోలేదు. పరిమితి తీసేసిన తీరులో ఐకాన్ తన సొంత నియమావళినే పాటించలేదని 2022 చివర్లో స్వతంత్ర సమీక్ష ప్యానెల్ కూడా తేల్చింది.

నన్నడిగితే మొదటిసారి అమ్మే ధర పోటీకి వదిలేయాలి, రెన్యువల్ ధరకు మాత్రం చిన్నా పెద్దా అని చూడకుండా అన్ని రిజిస్ట్రీలకూ ఒకే పరిమితి ఉండాలి. అది వచ్చేదాకా కొత్త ఎక్స్‌టెన్షన్ తీసుకునేటప్పుడు మొదటి ఏడాది ఆఫర్‌ని పక్కనపెట్టి, రెండో ఏడాది ఎంత కట్టాలో చూసుకోండి.