మిన్నెసోటా చలిలో 16 అంగుళాల పునాది: పదేళ్లకు పైగా వాడాక మా మాట

మా ఇంటి వెనక అమ్మానాన్నల కోసం కట్టించిన గది పునాది లోతు 16 అంగుళాలే. చలికాలంలో ఇక్కడ నేల గడ్డకట్టి పొంగుతుంది కాబట్టి మినియాపోలిస్ చుట్టుపక్కల మామూలు పునాదికి కనీసం 42 అంగుళాలు తవ్వాలి. డులూత్ వైపు, అంటే రాష్ట్రం ఉత్తర భాగంలో అయితే 60 అంగుళాలు. అంత తక్కువ లోతులో కట్టినా పదేళ్లు దాటిన ఆ గది ఇప్పటిదాకా కదల్లేదు. గోడల్లో పగుళ్లు లేవు, తలుపు బిగుసుకోలేదు. పాత ఇల్లూ కొత్త గదీ కలిసే చోట సందు కూడా విచ్చుకోలేదు. చలికాలమంతా వేడి ఉండే గదికైతే ఈ పద్ధతి ధైర్యంగా పెట్టుకోవచ్చని నా అభిప్రాయం. కాకపోతే ‘వేడి ఉండే’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. దాని గురించి కింద చెప్తాను.

దీన్ని ఇక్కడ ఫ్రాస్ట్ ప్రొటెక్టెడ్ షాలో ఫౌండేషన్ అంటారు. నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్లకు నేల పొంగడం కొత్తేమీ కాదు. అక్కడ వానకు మట్టే ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఇక్కడ జరిగేది వేరు. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా పెరుగుతాయి కాబట్టి నేల లేస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అది కాదు. గడ్డకడుతున్న పొర కింది తడిని పైకి లాక్కుంటుంది, దీపం ఒత్తి నూనెను పీల్చినట్టు. ఆ నీరు పలకలు పలకలుగా మంచై పేరుకుంటూ పైనున్నదాన్నంతా ఎత్తేస్తుంది. 1930 ప్రాంతంలో స్టీఫెన్ టేబర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త నీటికి బదులు బెంజీన్ వాడి దీన్ని తేల్చాడు. బెంజీన్ గడ్డకడితే కుంచించుకుపోతుంది, అయినా మట్టి పొంగింది.

అంటే పొంగడానికి మూడు కలవాలి: గడ్డకట్టే చలి, తడి, నీటిని పైకి పీల్చే సన్నటి మట్టి. మా పెరట్లో ఉన్నది మెత్తటి ఒండ్రు కలిసిన మట్టి, అంటే ఈ విషయంలో అన్నిటికంటే చెడ్డది. మామూలు పద్ధతిలో చలి దిగని లోతుకు పునాదిని తీసుకెళ్తారు. ఈ పద్ధతిలో చలినే పునాది కిందకి రానివ్వరు. పునాది గోడకు బయటి వైపు నిలువుగా ఫోమ్ బోర్డు పెడతారు. దాని అడుగు నుంచి బయటికి, మట్టి కింద, అడ్డంగా ఇంకో బోర్డు రెక్కలా పరుస్తారు. గదిలోంచి నేలలోకి దిగే వేడి బయటికి పోకుండా పునాది కిందే నిలుస్తుంది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో ఇది చాలాకాలంగా మామూలు విషయం. అమెరికా కోడ్‌లో, అంటే ఇళ్ల నిర్మాణ నిబంధనల్లో కూడా ఉంది.

అయినా మాకు మొదట దొరికిన కాంట్రాక్టర్ అంత తక్కువ లోతు కుదరదన్నాడు. ఇంకొకాయన ఒప్పుకున్నాడు గానీ అడ్డం బోర్డు దండగ అన్నాడు. అది దండగ కాదు. ఒక ప్రాంతంలో చలి ఎంత గట్టిగా, ఎన్నాళ్లు ఉంటుందో చెప్పే అంకె ఒకటుంది, దాన్ని ఎయిర్ ఫ్రీజింగ్ ఇండెక్స్ అంటారు. అది 1,500 లోపుంటే కోడ్ ప్రకారం 12 అంగుళాల లోతు, నిలువు బోర్డు చాలు. 2,500 నుంచి అడ్డం బోర్డు తప్పనిసరి, లోతు 16 అంగుళాలు. మూలల్లో వేడి రెండు వైపులా పోతుంది కాబట్టి అక్కడ ఇంకా మందంగా, వెడల్పుగా వేయాలి. మేము ఇంజనీర్‌తో డ్రాయింగ్ గీయించి, కోడ్ అడిగిన దానికంటే ఎక్కువే వేయించాం. ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ అనే గట్టి ఫోమ్) బోర్డు రెండంగుళాల మందం, చుట్టూ రెండడుగుల వెడల్పు. దాని కింద కంకర, డ్రైన్ పైపు. మామూలు ఫోమ్ తెచ్చి పెడతామంటే ఒప్పుకోకండి. మట్టి కింద తడిని తట్టుకునే రకమే కావాలి.

ఖర్చు తగ్గింది. కానీ మాకు డబ్బుకంటే ముఖ్యమైనది పాత ఇంటి బేస్‌మెంట్ (నేలమాళిగ) గోడ పక్కన లోతుగా తవ్వాల్సిన టెన్షన్ తప్పడం.

అసలు పరీక్ష 2019 జనవరి చివరి వారంలో వచ్చింది. మినియాపోలిస్‌లో మైనస్ 28 ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 33 సెల్సియస్. పాత యజమాని పోసి వెళ్లిన ముందు వరండా కాంక్రీటు పలక ఆ ఏడాది ఎంత లేచిందంటే, స్క్రీన్ డోర్ కింద రాసుకుని తెరుచుకోలేదు. ఏప్రిల్‌లో మళ్లీ కిందికి దిగింది, కానీ వంకరగా. వెనక గదిలో మాత్రం నాన్న తలుపు ఒక్క వేలితో తోసేవారు. ఒకే పెరడు, ఒకే మట్టి, ఒకే చలి. నన్ను నమ్మించింది ఏ పుస్తకమూ కాదు, ఆ రెండు తలుపులే.

ఇబ్బందులూ ఉన్నాయి. నేల పైకి కనిపించే ఫోమ్ అంచుకు సిమెంట్ పూత వేశారు. గడ్డి కోసే ట్రిమ్మర్ తగిలి అది రెండు మూడు చోట్ల పెచ్చులూడింది. ఎండ తగిలితే ఫోమ్ పాడవుతుంది, పైగా వడ్రంగి చీమలు అందులో గూళ్లు పెడతాయి. అందుకే ప్రతి వసంతంలో చుట్టూ తిరిగి చూసి పూత సరిచేయిస్తున్నాం. గోడకు ఆనుకుని రెండడుగుల దాకా పార దించడానికి లేదు. అమ్మ ఆ ఎండ తగిలే చోటే గోంగూర మడి వేద్దామంది. తవ్వితే బోర్డు తెగుతుంది, రోజూ నీళ్లు పోస్తే పునాది దగ్గర తడి చేరుతుంది. మడిని దూరంగా వేసి ఆమెను ఒప్పించాం. చూరు నీళ్లు కూడా పైపుతో దూరంగా పోయేలా చేశాం. ఈ పునాదికి చలితో సమానమైన శత్రువు తడి. జనవరి పొద్దున గోడ పక్క నేల కాస్త చల్లగా ఉంటుంది, తివాచీ పరిచాం.

ఇప్పుడు వేడి సంగతి. మన వాళ్లు సంక్రాంతికి ఇండియా వెళ్తూ కరెంటు, గ్యాస్ బిల్లు కలిసొస్తుందని థర్మోస్టాట్ బాగా తగ్గించేసి వెళ్తుంటారు. లోతైన పునాది ఉన్న ఇంటికి పైపులు గడ్డకట్టకుండా చూసుకుంటే సరిపోతుంది. ఈ గదికి సరిపోదు. నెల సగటు లోపలి వేడి 64 ఫారన్‌హీట్‌కు తగ్గదనే లెక్క మీద కోడ్ ఈ లోతును ఒప్పుకుంటుంది. మేము ఎన్నాళ్లు ఊళ్లో లేకపోయినా ఆ గదిని 66 దగ్గరే ఉంచుతాం. ఇంటిని వేడిచేసే ఫర్నేస్ ఆగితే ఫోన్‌కు కబురొచ్చేలా పెట్టుకున్నాం, పక్కింటి వాళ్లకు తాళం ఇచ్చి వెళ్తాం. శీతాకాలమంతా మూసి ఉంచే లేక్ కేబిన్‌కు ఇదే డిజైన్ దించేద్దామనుకునేవాళ్లు దయచేసి ఆగండి. వేడి లేని కట్టడానికి లెక్క వేరు.

వచ్చే వేసవిలో ఆ ముందు వరండా పలక పగలగొట్టిస్తున్నాం. అక్కడ వేడి ఉండదు కాబట్టి కింద పొంగని కంకర, దాని మీద పలక అడుగంతా, అంచులు దాటి బయటికీ వచ్చేలా ఫోమ్ వేయమని ఇంజనీర్ గీసిచ్చాడు. పైకప్పు మోసే రెండు స్తంభాలకు మాత్రం 42 అంగుళాలు తవ్వించమన్నాం.