రొయ్యల గుంట గట్టు మీద నాలుగు ఎండాకాలాలు: చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్

మాది నెల్లూరు. మైపాడు పోయే దారిలో ఇందుకూరుపేట దాటినాక మూడు రొయ్యల గుంటలు లీజుకు పట్టి వనామీ రకం రొయ్య వేస్తున్నాను. పంట ఉన్నన్నాళ్ళూ పొద్దున మేత వేళ నుంచి సాయంత్రం దాకా గట్టు మీదే ఉంటాను. ఎండకు ఏం వాడుతున్నావని తోటి రైతులు అడుగుతుంటారు కాబట్టి, నాలుగు ఎండాకాలాలు వాడి చూసినవాటి సంగతి రాస్తున్నాను. కంపెనీల పేర్లు చెప్పను. ఏ రకం సరుకు నా ఒంటి మీద ఎంతవరకు పనిచేసిందో అంతే చెబుతాను.

ఇదంతా 2021 మేలో కాలిన మెడతో మొదలైంది. ఆ రోజు సముద్రం గాలి చల్లగా తోలుతోంది. ఎండ తగులుతున్నట్టే లేదు. మధ్యాహ్నం దాకా వంగి ఏరియేటర్లు, అంటే గుంట నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు, బిగించుకుంటూ ఉండిపోయాను. రాత్రికి మెడ వెనక తువ్వాలు కూడా ఆనించలేకపోయాను. నాలుగో రోజుకి ఉల్లిపొర మాదిరి చర్మం లేచి వచ్చింది.

ఒంటికి చుర్రుమని తగిలేది ఎండలోని వేడి. చర్మాన్ని కాల్చే అతినీలలోహిత (యూవీ) కిరణాలు కంటికి కనపడవు, ఒంటికి తెలియవు. గాలి వేడిని తీసుకుపోతుంది గానీ ఆ కిరణాలను ఆపదు. 44 డిగ్రీలు కాసే రోజున ఎవరూ చెప్పకుండానే మోటారు షెడ్డు కిందికి చేరతాం. చల్లగాలి తోలే రోజునే గంటల తరబడి నిలబడి కాలిపోతాం. ఈ ముక్క నాకు ముందే తెలిసుంటే ఆ వారం బోర్లా పడుకునే పని ఉండేది కాదు.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది గుడ్డ. మొదట ఆన్‌లైన్‌లో పొడుగు చేతుల చొక్కా ఒకటి తెప్పించాను. లేబుల్ మీద యూపీఎఫ్ 50 అని ఉంది. అంటే పడిన కిరణాల్లో యాభయ్యో వంతు మాత్రమే లోపలికి దిగాలి. తీరా ఆ గుడ్డను ఎండకేసి ఎత్తి పట్టుకుంటే అవతల ఉన్న నా వేళ్ళు లెక్కపెట్టుకునేంత పలచన. వెనక్కి పంపేసి బజారులో గట్టి నేత నూలు గుడ్డ, ముదురు నీలం, రెండు చొక్కాలకు సరిపడా తీసుకుని కుట్టించుకున్నాను. పలచటి తెల్ల చొక్కా చల్లగా ఉంటుందని మా నాన్న కాలం నుంచి అలవాటే. కానీ దానిలోంచి కిరణాలు బాగానే దిగుతాయి, చెమటకు తడిసిందంటే ఇంకా ఎక్కువ దిగుతాయి. ముదురు రంగు ఉడుకు పుట్టిస్తుందన్నది నిజమే. అందుకని రెండు సైజులు వదులుగా, చంకల కింద గాలి ఆడేట్టు కుట్టమన్నాను. రెండేళ్ళకు భుజాల దగ్గర గుడ్డ నలిగి పలచబడింది. ఎండకు ఎత్తి చూస్తే వెలుతురు కనపడింది, ఆ జత తీసేసి కొత్తవి కుట్టించాను.

టోపీ విషయంలో తప్పు చేశాను. క్రికెట్ ఆటగాళ్ళు పెట్టుకునే ముందు రేకు టోపీ ఒక వేసవంతా వాడాను. నుదురు బాగుపడింది, చెవులు మాడిపోయాయి. ఇప్పుడు వాడేది చుట్టూ మూడంగుళాల అంచు, వెనక మెడ మీదికి జారే గుడ్డ ఉన్న టోపీ. గడ్డం కింద తాడు తప్పనిసరి, మా గాలికి తాడు లేని టోపీలు రెండు గుంటలో పడ్డాయి. ఎంత మంచి టోపీ అయినా పైనుంచి నేరుగా పడేదాన్నే ఆపుతుంది. ఆకాశమంతా చెదిరి పక్కల నుంచి వచ్చే కిరణాలు ఉన్నాయి, ఇసుక మీద పడి తిరిగి లేచేవి ఉన్నాయి. పొడి ఇసుక ఇంచుమించు 15 శాతం వెనక్కి కొడుతుంది. అందుకే ముక్కు, గడ్డం, చెవి తమ్మెలు టోపీ కింద ఉన్నా నల్లబడ్డాయి. సన్‌స్క్రీన్ అవసరం అక్కడ వచ్చింది.

"ఏందన్నా, పెళ్ళికొడుకు మాదిరి ఈ పూతలు?" అని మొదటి రోజు పనివాళ్ళు అడిగారు. వాళ్ళకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ అనేది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల లెక్క. పీఏ పక్కన ప్లస్ గుర్తులు యూవీఏ లెక్క. యూవీఏ ఇంకా లోతుకు దిగి మచ్చలు, ముడతలు తెస్తుంది, కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. రొయ్య పిల్లల బండి నడిపే మా స్నేహితుడికి ఎడమ చెంప కంటే కుడి చెంప నలుపు. ఇరవై ఏళ్ళుగా అటు పక్క అద్దం ఉంది మరి. ఎస్‌పీఎఫ్ 30 యూవీబీలో 97 శాతం ఆపితే 50 అనేది 98 ఆపుతుంది. ఈ ఒక్క శాతం కోసం దుకాణంలో గింజుకోవడం కంటే ఎంత పూస్తున్నామన్నది చూసుకోవాలి. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి పరీక్షించి వేసిన నంబరు అది. మొహానికి, మెడకు కలిపి ఒకటింపావు గ్రాము దాకా పడుతుంది. చూపుడు వేలు, నడిమి వేలు పొడుగునా రెండు చారలు పెట్టుకుంటే సరిగ్గా వస్తుంది. రోజుకు రెండు సార్లు పూసినా 50 గ్రాముల ట్యూబు 20 రోజుల్లో అయిపోవాలి. మొదటి ఏడాది నాకు నాలుగు నెలలు వచ్చింది. అంటే 50 నంబరు డబ్బులిచ్చి అందులో చిన్న ముక్క మాత్రమే మొహానికి పెట్టుకున్నానన్నమాట.

జెల్ రకం పూయడానికి హాయి, తొమ్మిదింటికల్లా చెమటతో కళ్ళలోకి దిగి మంట. జింక్ ఆక్సైడ్ ఉన్న చిక్కటి క్రీము బూడిద పూసినట్టు కనపడుతుంది గానీ కంట్లో మండదు. ఇప్పుడు కళ్ళ చుట్టూ, ముక్కు మీద, చెవులకు జింక్, మిగతా చోట జెల్. పొద్దున ఇంటి దగ్గర ఒకసారి, పదింటికి చెమట తుడుచుకుని ఇంకోసారి. రెండు గంటలకోసారి పూయాలని డబ్బా మీద ఉంటుంది, అంతకన్నా నాకు కుదరలేదు, రెండో పూత తర్వాత నీడలో పనులు చూసుకుంటాను. చేతులకు మాత్రం పూయను. క్రీము చేత్తో చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) ఎత్తి రొయ్యను పట్టుకోవడం నాకు ఇష్టం లేదు. చేతులకు గుడ్డ తొడుగులు వేసుకుంటాను, పొడుగు చేతుల చొక్కా మణికట్టు దాకా ఎటూ ఉంది.

ఒక ట్యూబు బండి బాక్సులో మే నెలంతా పెట్టాను. జూన్‌లో మూత తీసి నొక్కితే ముందు నీళ్ళ బొట్లు కారాయి, వెనక విరిగిన పాల మాదిరి గడ్డలు వచ్చాయి. వాసన కూడా మారింది. వేడికి చెడిన క్రీము పూసుకున్నా కాపాడదు. ఇప్పుడు మోటారు షెడ్డులో నీళ్ళకుండ పక్కన పెడుతున్నాను.

మా ఆవిడకు రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. డాక్టరమ్మ మందుతోపాటు లేత మట్టి రంగు కలిపిన సన్‌స్క్రీన్ రాసింది. ఆ రంగుకు వాడే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా కొంత ఆపుతుంది, మంగును పెంచేదాంట్లో వెలుతురుకూ వాటా ఉందని వివరించింది. ఏడాదిన్నరకు మచ్చ సగానికి పైగా పలచబడింది. పోయిన ఏడాది ఊళ్ళో తిరనాళ్ళని, పెళ్ళిళ్ళని రెండు నెలలు మానేసింది. మళ్ళీ ముదిరింది. మంగు ఉన్నవాళ్ళు డబ్బులు పెట్టదగిన సరుకు ఇది, ఆపకుండా వాడగలిగితేనే.

కళ్ళద్దాల మీద యూవీ400 అని, అంటే యూవీ కిరణాలను ఆపేవని, ఉందో లేదో చూసుకోండి. నల్లటి అద్దమైతే చాలదు. ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో ముప్పై ఏళ్ళు చేసిన మా బాబాయికి రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు మీదికి కండ పాకింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఎండ, ఇసుక గాలి, ఉప్పు తెలుపు ఒక్క రోజూ అద్దం పెట్టకుండానే చూశానని ఆయన ఇప్పుడు బాధపడతాడు.

రోహిణి కార్తెలో జాగ్రత్త పడి ఆగస్టులో వదిలేసేవాళ్ళు మా వైపు ఎక్కువ. నెల్లూరులో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నడినెత్తిన నిలబడతాడు, ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు నడుమ ఇంకోసారి. ఆ రోజుల్లో మధ్యాహ్నం 12:10 ప్రాంతంలో గట్టున పాతిన కర్ర నీడ కర్ర మొదట్లోనే ఉంటుంది. మబ్బు విడిచిన ఆగస్టు పగలు ఏప్రిల్ పగటికి తీసిపోదు. తేదీలు గుర్తుండకపోతే నా నీడ చూసుకుంటాను. నాకంటే పొట్టిగా ఉన్నంతసేపూ టోపీ తియ్యను.

నెలకు సన్‌స్క్రీన్‌కే 600 దాకా అవుతోంది, పనివాళ్ళను అంత పెట్టమని అనలేను. అందుకే ఈ పంటకు ముగ్గురికీ మెడగుడ్డ ఉన్న టోపీలు తెప్పించి ఇచ్చాను. వారం తిరిగేసరికి ఒకతను బోడి తలతో వచ్చాడు. ఏమయిందని అడిగితే, వాళ్ళ ఆవిడ నాట్లకు పెట్టుకుపోయిందట. ఆమె కోసమని ఇంకోటి తెప్పించాను.