చాదర్ కట్టిన రక్తపిశాచి: ‘ఎ గర్ల్ వాక్స్ హోమ్ ఎలోన్ ఎట్ నైట్’

రాత్రివేళ ఖాళీ వీధిలో ఒంటరిగా ఒక అమ్మాయి కనబడితే, ఆమె వెనక ఎవరొస్తున్నారా అని మన కళ్లు వెతుకుతాయి. హారర్ సినిమాలు మనకు నేర్పింది అదే. అనా లిలీ అమీర్‌పూర్ 2014లో తీసిన ఈ నలుపు తెలుపు సినిమాలో మాత్రం, వెనక వచ్చేది ఆ అమ్మాయే. భయపడాల్సింది ముందు నడిచే మగవాడు.

మాటలన్నీ ఇరాన్ భాష ఫార్సీలోనే. షూటింగ్ చేసింది మాత్రం కాలిఫోర్నియాలోని టాఫ్ట్ అనే చమురు పట్టణంలో. దర్శకురాలు ఇరానీ తల్లిదండ్రులకు ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో పెరిగారు. ఇరాన్‌ను ఉన్నదున్నట్టు చూపించే సినిమా అనుకుని కూర్చుంటే నిరాశ తప్పదు. కథ జరిగే ఊరు ‘బ్యాడ్ సిటీ’ ఏ దేశపు మ్యాపులోనూ ఉండదు. చమురు పంపులు, పాత అమెరికన్ కారు, రాక్ పాటలు, ఫార్సీ తిట్లు అన్నీ అక్కడ కలిసే బతుకుతాయి. రెండు దేశాల మధ్య పెరిగినవాళ్లకు సొంత ఊరు ఇలాగే ఉంటుందేమో.

అసలు గొప్పతనం ఇరానీ స్త్రీలు కప్పుకునే చాదర్‌ను వాడుకున్న తీరులో ఉంది. హైదరాబాద్‌లో చూసే బుర్ఖాలా దానికి చేతులు కుట్టి ఉండవు. అర్ధచంద్రాకారపు గుడ్డను తల మీంచి కప్పుకుని, ముందువైపు చేత్తో పట్టుకోవాలి. షీలా వాండ్ పోషించిన పేరులేని రక్తపిశాచి అమ్మాయి ఒక పిల్లాణ్ణి బెదిరించి స్కేట్‌బోర్డు లాక్కుంటుంది. దాని మీద జారిపోతుంటే చాదర్ గాలికి విచ్చుకుని రెక్కలవుతుంది, లోపలి చారల చొక్కా కనిపిస్తుంది. చాదర్ మీద ఉపన్యాసం ఎక్కడా లేదు, ఆ అవసరమూ రాదు.

సయీద్ సన్నివేశం జాగ్రత్తగా చూడండి. వేశ్య అత్తీ డబ్బు కాజేసే తార్పుడుగాడు వాడు. ఇంటికొచ్చిన అమ్మాయి ముందు కండలు చూపిస్తాడు, చిందులేస్తాడు. ఆమె కదలదు, మాట్లాడదు. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకుని వేలు ఆమె నోటి దగ్గర పెడతాడు. ఆ వేలు ఊడిపోతుంది.

అయితే దీన్ని పగ తీర్చుకునే స్త్రీ కథగా కుదించలేం. ఏ పాపం ఎరగని ఇల్లులేని ముసలివాణ్ణి కూడా ఆమె చంపుతుంది. ఆకలి ఆకలే. నాకు ఆ ఒక్క హత్యే సినిమాను నిజాయితీగా నిలబెట్టిందనిపిస్తుంది. లోపం అత్తీ విషయంలో ఉంది. అందరికంటే ఎక్కువ నలిగిన మనిషికి కథలో చాలినంత చోటు దొరకలేదు. ఆరష్ అనే కుర్రాడితో రక్తపిశాచి అమ్మాయి ప్రేమ ఆ చోటంతా తినేసింది, అది ఎంత అందంగా ఉన్నా.

నిడివి దాదాపు గంటా నలభై నిమిషాలు, నడక నెమ్మది. ఫోన్‌లో చూడకండి. నల్లటి వీధిలో నల్లటి చాదర్ కలిసిపోయి, మూలన ఆమె నిలబడి ఉన్న సంగతే తెలియదు. టీవీలో రంగులు పెంచే ‘వివిడ్’ మోడ్, కదలికలను మరీ నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేసి, గదిలో లైట్లు తీసేయండి. డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిల్స్‌తోనే చూడండి. మాటలు తక్కువ కాబట్టి చదవడం భారం కాదు. మత్తు ఇంజెక్షన్ల దృశ్యాలున్నాయి, పిల్లలతో చూసే సినిమా కాదు.